ఆన్‌లైన్‌లో పాత అంబాసిడర్: ముందు సీ-బుక్, తర్వాత రేకు, ఆఖర్న ఇంజిన్

సింగిల్ ఓనర్, షోరూమ్ కండిషన్, ఇంజిన్ పక్కా, సీరియస్ బయ్యర్లు మాత్రమే కాల్ చేయండి. పాత అంబాసిడర్, ఫియట్, కాంటెస్సా అమ్మకానికి పెట్టే ప్రకటనల్లో కాస్త అటూ ఇటూగా ఇవే మాటలు ఉంటాయి. కింద తళతళలాడే ఫొటోలు ఆరేడు. కొనాలనుకున్నవాళ్లు వాటిని పెద్దవి చేసి చూసుకుని, ధర చూసి, ఫోన్ చేసి అడిగే మొదటి ప్రశ్న "ఇంజిన్ ఎలా ఉందండీ?" అని. అమ్మేవాడికి కావలసిందీ అదే ప్రశ్న. ఎందుకంటే ఈ కార్లలో అన్నిటికంటే తేలిగ్గా బాగయ్యేది ఇంజినే. బాగుచేయడం కష్టమైనవి రెండున్నాయి: లోపలి నుంచి తుప్పు తినేసిన రేకు, మధ్యలో తెగిపోయిన కాగితాలు. వాటి గురించి అడిగేవాళ్లు తక్కువ.

1958 ప్రాంతం నుంచి 2014 మే దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్లు తయారయ్యాయి. ఎక్కువ కాలం వాటిలో ఉన్నది 1489 సీసీ ఇంజిన్. 1990లలో 1.8 లీటర్ల ఇసుజు ఇంజిన్ కూడా వచ్చింది. మనవాళ్లు ఫియట్ అని పిలిచే ప్రీమియర్ పద్మినిది 1089 సీసీ. ఈ ఇంజిన్లను విప్పి బిగించడం చేతికి అలవాటైన మేస్త్రీలు విజయవాడ ఆటోనగర్‌లో ఇప్పటికీ ఉన్నారు. పిస్టన్లు, రింగులు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరక్కపోతే కోల్‌కతా మల్లిక్ బజార్ నుంచి తెప్పించుకోవచ్చు. సిలిండర్లు బోరు చేయించడానికి ఖర్చవుతుంది, కానీ ఎంతవుతుందో ముందే తెలుస్తుంది. రేకు పనికి, ఆర్టీఏ ఆఫీసు పనికి అలాంటి అంచనా కుదరదు.

ధర దగ్గర మరో చిక్కుంది. నాలుగేళ్ల స్విఫ్ట్‌కి మార్కెట్ రేటు ఎంతో ఫోన్‌లో రెండు నిమిషాల్లో తేలిపోతుంది. 1972 అంబాసిడర్‌కి అలాంటి రేటు లేదు. ఒకడు ఐదు లక్షలు అని పెడితే, అది చూసి ఇంకొకడు ఆరు అంటాడు. కొనేవాళ్లకు కనిపించేవన్నీ అడిగిన ధరలే, అమ్ముడుపోయిన ధరలు ఎక్కడా కనిపించవు. అందుకే కారు చూడగానే అడ్వాన్స్ పంపకుండా రెండు మూడు నెలలు ప్రకటనలను గమనిస్తే చాలా తెలుస్తుంది. అదే కారు అదే ఫొటోతో మళ్లీ మళ్లీ వస్తోందంటే, ఆ రేటుకి ఎవరూ కొనలేదనే అర్థం. ఒక కారు వారంలో మాయమై, నెల తిరక్కుండా కొత్త రంగుతో, వేరే ఊరి పేరుతో, రెట్టింపు ధరతో తేలితే అది దళారీ చేతికి వెళ్లిందన్నమాట. ఆ నెలలో జరిగింది ఎక్కువగా పెయింట్ పనే అయి ఉంటుంది. దానికి వాళ్లు పెట్టే పేరు 'ఫుల్ రీస్టోరేషన్'.

అసలు కారే లేని ప్రకటనల సంగతి ముందే తేల్చేద్దాం, అది తేలికైన భాగం కాబట్టి. ఫొటోలు ఏదో పాత కార్ల ర్యాలీలో ఎవరో తీసినవి. అమ్మేవాడు తాను ఆర్మీలో ఉన్నానని, బదిలీ అయిందని, అందుకే తక్కువకు ఇచ్చేస్తున్నానని అంటాడు. ఐడీ కార్డు ఫొటో, క్యాంటీన్ కార్డు ఫొటో అడక్కుండానే వచ్చేస్తాయి. కారు ఆర్మీ ట్రాన్స్‌పోర్ట్‌లో బయల్దేరిందని, కొంచెం అడ్వాన్స్ కడితే చాలని మొదలవుతుంది. తర్వాత గేట్ పాస్, ఇన్సూరెన్స్, జీఎస్టీ అంటూ ఒక్కో మెట్టూ ఎక్కిస్తాడు. మొదట కట్టింది పోతుందేమోనన్న టెన్షన్‌తో మనిషి రెండోసారి, మూడోసారి కడతాడు. మోసమంతా ఆ టెన్షన్ మీదే నడుస్తుంది. హైదరాబాద్ వైపు సైబర్ క్రైమ్ పోలీసులు రాజస్థాన్‌లోని భరత్‌పూర్ దాకా వెళ్లి ఇలాంటి ముఠాలను పట్టుకొచ్చారు. అయినా ఈ కథకు కొత్త శ్రోతలు దొరుకుతూనే ఉన్నారు. దీనికి విరుగుడు పెద్ద విద్యేమీ కాదు. ఫొటోను ఇమేజ్ సెర్చ్‌లో వెతకడం, ప్రకటనలో లేని ఫొటో ఒకటి అడగడం. డిక్కీ తెరిచి వెనక ఎడమ చక్రం కనిపించేలా తీయమంటే, కారున్నవాడు ఐదు నిమిషాల్లో పంపుతాడు. లేనివాడు డ్యూటీలో ఉన్నానంటాడు. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం 1930 నంబరుకు ఫోన్ చేయాలి, ఆలస్యమైన కొద్దీ ఖాతాలో డబ్బు ఆపే అవకాశం తగ్గిపోతుంది.

కారూ ఉండి, అమ్మేవాడూ నిజమే అయినప్పుడే వ్యవహారం కష్టం. అప్పుడు అబద్ధం పూర్తి అబద్ధంలా ఉండదు.

సీ-బుక్ చెప్పేది, దాచేది

సొంత వాడకం కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు చెల్లుతుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రెన్యూవల్ చేయించుకోవాలి. కాబట్టి 1978 ఫియట్‌కి సీ-బుక్ (రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్) ఉందా అన్నది సగం ప్రశ్నే. అది ఏ తేదీ దాకా చెల్లుతుంది అన్నది మిగతా సగం. షెడ్డులో పదేళ్లు పడుకున్న కారుకి రెన్యూవల్ ఆగిపోయి ఉంటుంది. "అదేముంది, రెండు వేలతో అయిపోతుంది" అని అమ్మేవాడు అంటాడు. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన కారు రెన్యూవల్ ఫీజును 5,000 రూపాయలు చేశారు. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు దాన్ని 10,000కి పెంచారు. విదేశాల నుంచి దిగుమతైన పాత కార్లకైతే ఇంకా ఎన్నో రెట్లు. ఆలస్యమైన ప్రతి నెలకూ 500 రూపాయల అదనపు రుసుము కూడా నిబంధనల్లో ఉంది. దీనిపై రాష్ట్రం వేసే గ్రీన్ ట్యాక్స్ వేరు. డబ్బు ఒక ఎత్తు, కారును ఆర్టీఏ ఆఫీసు దాకా నడిపించి ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టడం ఇంకో ఎత్తు. రెన్యూవల్ అయ్యాకే బేరం అనడం కొనేవాడి హక్కు. అమ్మేవాడు దానికి ఒప్పుకోకపోతే ఆ ఖర్చు, ఆ శ్రమ ధరలోంచి తగ్గాలి.

రెండోది పేరు. సీ-బుక్‌లో ఉన్న మనిషి, ఫోన్‌లో మాట్లాడే మనిషి ఒకరేనా? పాత కార్ల విషయంలో చాలావరకు ఒకరు కాదు. అసలు యజమాని ఎప్పుడో పేరు మార్పిడికి వాడే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు చేసి, కొన్నవాడి పేరు రాయకుండా ఇచ్చేసి ఉంటాడు. ఆ ఖాళీ ఫారాలతోనే కారు ముగ్గురు నలుగురి చేతులు మారుతుంది. మధ్యలో వాళ్లెవరూ రికార్డులో ఉండరు. దీన్ని 'ఓపెన్ పేపర్లు' అని ఎంత మామూలుగా అంటారంటే, అదొక సౌకర్యం అనిపిస్తుంది. ఇప్పుడు బదిలీకి ఆధార్, ఓటీపీ అంటున్నారు కాబట్టి అసలు యజమాని కనిపించక తప్పదు. ఆయన పోయి ఉంటే ముందు వారసుల పేరుకి మారాలి, దానికి డెత్ సర్టిఫికెట్, మిగతా వారసుల సమ్మతి కావాలి. నలుగురు పిల్లలుండి ఒకరు అమెరికాలో, ఒకరు అన్నదమ్ములతో మాటల్లేకుండా ఉన్న ఇల్లయితే ఆ కారు బదిలీ కావడం దాదాపు కల్ల. కారు ఎంత ముద్దొచ్చినా అక్కడ ఆగిపోవడమే మేలు.

తెలుగువాళ్లకు ప్రత్యేకమైన ఒక మెలిక కూడా ఉంది. ఏపీ 09 అని నంబరు ఉంటే అది ఆంధ్రప్రదేశ్ కారు అని గుంటూరులో కొనేవాళ్లు అనుకుంటారు. అది హైదరాబాద్ కోడ్. విభజన తర్వాత ఆ రికార్డు తెలంగాణది. అంటే నంబరులో ఏపీ ఉన్నా, గుంటూరుకి తెచ్చుకోవాలంటే అది పొరుగు రాష్ట్రం బండే. తెలంగాణ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ అవసరం. ఇంకో సంగతి, తెలంగాణ రవాణా శాఖ చాలా ఏళ్లు కేంద్రం నడిపే వాహన రికార్డుల వ్యవస్థ 'వాహన్'లో చేరకుండా సొంత సాఫ్ట్‌వేర్‌తోనే నడిచింది. 1989కి ముందు మూడు అక్షరాల నంబర్లున్న కార్ల రికార్డులు కొన్ని కంప్యూటర్‌లోకి ఎక్కనే లేదు. అందువల్ల ఆన్‌లైన్‌లో వివరాలు రాలేదంటే దొంగ కారే అనుకోనక్కర్లేదు, వచ్చాయి కదా అని అంతా సవ్యమే అనుకోవడానికీ లేదు. సంబంధిత ఆర్టీఏ ఆఫీసులో రిజిస్టర్ చూపించి అడగడమే నమ్మకమైన దారి. దొంగతనం కేసుల కోసం జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ వాళ్ల 'వాహన్ సమన్వయ్'లో వెతకవచ్చు.

ఢిల్లీ నంబర్ల సంగతి వేరు. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ వాహనాల మీద గ్రీన్ ట్రైబ్యునల్ పెట్టిన నిషేధాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. దాంతో అక్కడి పాత కార్లు తక్కువ ధరకు దక్షిణాదికి రావడం మొదలైంది. కారు మంచిదే కావచ్చు, కానీ ఎన్‌ఓసీ చేతికి రాకుండా "వారంలో కొరియర్ చేస్తాం" అన్న మాట మీద కొంటే అది ఇంటి ముందు బొమ్మగా మిగులుతుంది. ఎన్‌ఓసీ వచ్చాక కూడా ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ లెక్క ప్రకటనలోని ధరలో కనిపించదు.

"కలెక్టర్ గారు వాడిన బండి" అనే ప్రకటనలకు ఆకర్షణ ఎక్కువ. తెల్ల అంబాసిడర్, పైన దీపం ఉన్న గుర్తు. ప్రభుత్వ శాఖల పేరున ఉన్న 15 ఏళ్లు దాటిన వాహనాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి రెన్యూవల్ లేదు, వాటిని తుక్కుకే పంపాలి. కాబట్టి ఆ కారు అంతకుముందే వేలంలో అమ్ముడై, ప్రైవేటు పేరుకి మారి ఉండాలి. వేలం కాగితం, బదిలీ అయిన సీ-బుక్ రెండూ చూపించలేకపోతే కలెక్టర్ గారి కథ కథగానే వినాలి. ట్యాక్సీగా తిరిగి తెల్ల ప్లేటు తగిలించుకున్న కార్లకైతే, ఆ మార్పు సీ-బుక్‌లో ఎక్కిందో లేదో చూడాలి. ట్యాక్సు బకాయిలు బండిని వదలవు.

ఇక వింటేజ్ అన్న మాట. చట్టానికి 'క్లాసిక్' అంటే ఏమిటో తెలియదు, వింటేజ్ ఒక్కటే తెలుసు. 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులేమీ లేకుండా ఉన్నదే వింటేజ్. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్ల చెల్లుబాటు, నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాత 'వీఏ' అక్షరాలు. కాంటెస్సా వచ్చిందే 1984లో, మారుతి 800 వచ్చింది 1983 డిసెంబర్‌లో. వాటిని వింటేజ్ కింద చేయిస్తానని అమ్మేవాడు అంటే, ఆ ఒక్క మాటతో అతని మిగతా మాటల విలువ కూడా తేలిపోతుంది. నిజంగా వింటేజ్ అయినా ఒక ఇబ్బంది ఉంది. ఆ నమోదుతో రోజువారీ తిరగకూడదు. ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోలు, రిపేర్ల వంటి పనులకే బయటికి తీయాలి. ఆదివారం పిల్లల్ని ఎక్కించుకుని తిరుగుదాం అనుకునేవాళ్లకు మామూలు రెన్యూవల్ ఉన్న కారే నయం. ఆ రెండక్షరాల కోసం ఎక్కువ ధర పెట్టడంలో అర్థం లేదు.

మోడల్ సంవత్సరం దగ్గరా మాయ చేస్తారు. అంబాసిడర్ మార్క్ 2 వచ్చింది 1962లో, మార్క్ 3 1975లో, మార్క్ 4 1979లో. మార్క్ 2కి గళ్లు గళ్లుగా ఉన్న వెడల్పాటి గ్రిల్, మార్క్ 3కి అడ్డగీతల గ్రిల్. పాతవాటికి మోజు ఎక్కువ కాబట్టి 80ల కారు ముందు భాగం మార్చి 60ల కారులా నిలబెడతారు. ఫొటోలో అది బాగానే ఉంటుంది. సీ-బుక్‌లో తయారీ సంవత్సరం, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, ఇంధనం అన్నీ బండితో సరిపోతేనే మిగతా మాట. పెట్రోలు అని రాసి ఉండి లోపల డీజిల్ ఇంజిన్ ఉండటం, గ్యాస్ కిట్ ఉండి సీ-బుక్‌లో లేకపోవడం చాలా మామూలు. పాత జీపుల్లో ఇది మరీ ఎక్కువ. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చిన వాహనాలకు చట్టం ఒప్పుకోదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టంగా చెప్పింది. ముచ్చటగా మార్పించిన జీపుకి అదనంగా డబ్బు పెట్టడమంటే, రేపు ఫిట్‌నెస్‌లో ఆగిపోవడానికి డబ్బు పెట్టడమే. ఛాసిస్ నంబరు మీద పెన్సిల్ ప్రింట్ తీసి పంపమంటే చాలామంది అమ్మకందార్లు విసుక్కుంటారు. అంకెలు వంకరటింకరగా ఉన్నా, ఆ చోట మాత్రమే వెల్డింగ్ చేసినట్టున్నా, తుక్కుకి పోయిన ఒక కారు కాగితాలను ఇంకో కారుకి తగిలించారని అనుమానించాల్సిందే.

రేకే అస్థిపంజరం

ఈ సంగతి తెలియకే కాగితాలన్నీ సరిచూసుకున్నవాళ్లు కూడా నష్టపోతున్నారు. అంబాసిడర్‌కీ ఫియట్‌కీ లారీలాగా కింద వేరే ఛాసిస్ ఫ్రేము ఉండదు. బాడీ రేకే బరువంతా మోస్తుంది. ఫ్లోర్, తలుపుల కింద పట్టీలు, డిక్కీ అడుగు, ముందు సస్పెన్షన్ బిగించిన చోటు తుప్పు పడితే పోయేది అందం కాదు, కారు నిలబడే బలమే. అంబాసిడర్ ముందు సస్పెన్షన్‌లో టార్షన్ బార్లు (స్ప్రింగుల్లా పనిచేసే కడ్డీలు) ఉంటాయి. వాటి రెండో కొస ఫ్లోర్ కింద పట్టి ఉంటుంది. అక్కడ రేకు మెత్తబడితే ఎంత మంచి ఇంజిన్ పెట్టినా ఉపయోగం లేదు. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ మాత్రం వేరు. దానికి విడిగా ఛాసిస్ ఉంది, బాడీ భాగాలను బోల్టులు విప్పి తీయొచ్చు. కాబట్టి హెరాల్డ్‌లో ఛాసిస్ చూడాలి, అంబాసిడర్‌లో ఫ్లోర్ చూడాలి.

పెయింట్ షెడ్లలో తుప్పును కోసి కొత్త రేకు వెల్డ్ చేస్తే అది పని. తుప్పు మీదే పుట్టీ దట్టంగా మెత్తి, రుద్ది, మెరిసే రంగు కొడితే అది అలంకారం. ఫొటోలో రెండూ ఒకేలా ఉంటాయి, అందుకే కొత్త పెయింట్ ఉన్న కారు కంటే రంగు వెలిసిన కారు నమ్మదగింది. వెలిసిన కారు ఏదీ దాచలేదు. వైజాగ్, కాకినాడ, చెన్నై లాంటి సముద్రపు ఊళ్లలో తిరిగిన బండికీ, అనంతపురంలోనో కర్నూలులోనో తిరిగిన బండికీ రేకులో తేడా ఉంటుంది. అదే మోడల్, అదే ధర అయితే రాయలసీమ కారువైపు మొగ్గడంలో తప్పులేదు.

వీడియో కాల్‌లో చేయించదగ్గ పరీక్షలు కొన్ని ఉన్నాయి. చిన్న అయస్కాంతాన్ని పలుచటి గుడ్డలో చుట్టి తలుపుల కింది అంచు, చక్రాల పైన వంపు, డిక్కీ మూల వెంట నడిపించమనాలి. పట్టుకోకుండా జారిందంటే అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. మ్యాట్లు ఎత్తి ఫ్లోర్ చూపించమనాలి. డిక్కీలో స్టెప్నీ తీయించి దాని కింద చూపించమనాలి. కారును ఒక పక్క జాకీ మీద లేపి, ఆ పక్క తలుపులు తెరిచి మూయమంటే మరీ మంచిది. లేపినప్పుడు తలుపు సందు మారినా, తలుపు పట్టేసినా బాడీ వంగుతోందన్నట్టే. కడిగి తడిగా ఉన్న కారు వీడియో మాత్రం పనికిరాదు, తడిలో గీతలూ రంగు తేడాలూ కనిపించవు.

ఇవన్నీ చేసినా వీడియో వీడియోనే. ఆఖరికి ఒక మనిషి వెళ్లి చూడాలి. కొనేవాళ్లకు కుదరకపోతే ఆ ఊళ్లో పాత కార్లు చేసే మేస్త్రీకి కూలి ఇచ్చి పంపవచ్చు. అమ్మేవాడు చెప్పిన మేస్త్రీని కాదు, కొనేవాళ్లు వెతుక్కున్న మేస్త్రీని. పది మేస్త్రీ ఫీజులైనా ఒక చెడ్డ ఫ్లోర్ పని కంటే చవకే. నాన్నకు కానుకగా పాత ఫియట్ కొనాలని విదేశాల నుంచి వెతికే పిల్లలు ఈ మెట్టును దాటేస్తుంటారు, దళారీలకు ఆ సంగతి బాగా తెలుసు.

ఇంజిన్ సంగతి క్లుప్తంగా. చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. వెళ్లేసరికే వేడిగా ఉంటే, చల్లారేదాకా టీ తాగి రావచ్చు. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. రేడియేటర్ నీళ్లలో నూనె తేలితే గ్యాస్కెట్ పోయింది. ఇవి ఉన్నా బేరం మానుకోనక్కర్లేదు, ధర తగ్గించుకుంటే చాలు. మీటర్ రీడింగ్ గురించి ఆలోచించడమే దండగ. ఈ తరం కార్ల మీటర్లలో సాధారణంగా ఐదంకెలే, లక్ష దాటగానే మళ్లీ సున్నా. 42,000 అని చూపిస్తే అది నలభై రెండు వేలో, లక్షా నలభై రెండు వేలో ఎవరికీ తెలియదు.

డబ్బు సీ-బుక్‌లో పేరున్న మనిషి బ్యాంకు ఖాతాకే వెళ్లాలి, బావమరిది ఫోన్‌పేకి కాదు. రెండు లక్షలూ ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కుదరదు కాబట్టి, క్యాష్ మాత్రమే అనే అమ్మకందారుతో జాగ్రత్త. చూడకముందు టోకెన్ ఇవ్వాల్సి వస్తే, పోయినా బాధపడని మొత్తమే ఇవ్వాలి. "ఇంకో పార్టీ సాయంత్రం వస్తున్నారు" అన్న మాట వినగానే వేసేది టోకెన్ కాదు, తొందరపాటుకి ఫీజు. ఒప్పంద పత్రంలో కారు అప్పగించిన తేదీతో పాటు గంట కూడా రాయించుకోవాలి. అంతకుముందు పడిన చలాన్లు, జరిగిన ప్రమాదాలు ఎవరివో దాన్నిబట్టే తేలుతుంది.

కాగితాల దగ్గర ఈ జాగ్రత్త అమ్మేవాళ్లకూ అవసరమే. వరసగా చేతులు మారిన ఒక కారు ప్రమాదం కేసులో, రికార్డులో పేరున్నవాడే యజమాని, పరిహారం బాధ్యత అతనిదే అని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది. కారు ఎప్పుడో అమ్మేశానన్న మాట చెల్లలేదు. నిజాయితీగా అమ్మే మనిషికి పేరు మార్పిడి మీద కొనేవాడి కంటే ఎక్కువ ఆత్రుత ఉండాలి. రాష్ట్రంలోపలే అయితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీఏకి తెలపాలి. ఇన్సూరెన్స్‌లో ఎదుటివాళ్లకు జరిగే నష్టం భాగం కారుతో పాటే కొన్నవాళ్లకు వస్తుంది, సొంత కారు నష్టం భాగానికి మాత్రం 14 రోజుల్లో కంపెనీకి తెలిపి పాలసీ పేరు మార్పించుకోవాలి. షెడ్డులోంచి తీసిన కారుకి అసలు పాలసీయే ఉండకపోవచ్చు. అలాంటప్పుడు దాన్ని రోడ్డు మీద నడిపించుకుని రాకుండా, పాలసీ తీసుకునేదాకా ట్రక్కు మీదే తెప్పించుకోవాలి.